కొంగలు ఆడని శనివారం

టిల్మన్ బెండ్‌లో వెర్లీన్ మేబ్రీ గొంతు తెలియనివాళ్ళు లేరు. స్కూలు బస్సు నడిపే మనిషికి ఆ మాత్రం గొంతు ఉండాల్సిందే అనుకోవచ్చు గానీ, అది బస్సు కోసం పెంచుకున్న గొంతు కాదు. మైదానం అవతలి గట్టున ఉన్న రిఫరీకి అతని తెలివితేటల మీద తన అభిప్రాయం స్పష్టంగా వినపడాలని ఏళ్ళ తరబడి స్టేడియంలో సాధన చేసి సంపాదించుకున్నది. ఆమె ముందు వరసలో కూర్చునేవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని వస్తారని ఊళ్ళో వేళాకోళం. అందులో వేళాకోళం తక్కువ, నిజమే ఎక్కువ.

పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపేశాక ఆమె బస్సు తిన్నగా తమ్ముడు డ్యూయీ పెట్రోలు బంకు వెనక ఆగుతుంది. బంకు లోపల, వేయించిన కోడి ముక్కలు పెట్టే అద్దాల పెట్టె పక్కన, ఒక పొడుగాటి బల్ల ఉంది. దాని చుట్టూ చేరేవాళ్ళకు కాఫీ, వేడి రొట్టెల మీద తెల్లటి గ్రేవీ, ఫుట్‌బాల్ ఉంటే చాలు. మిసిసిపీలో ఇంకేమైనా జరుగుతోందేమో ఆ బల్లకు తెలియదు.

ఆ శరదృతువులో బల్ల దగ్గర ఒకటే చర్చ. శిక్ష తగ్గిస్తారా, తగ్గించరా?

దగ్గర్లోని టర్వెల్ స్టేట్ కాలేజీ జట్టును కొంగలంటారు. ఫుట్‌బాల్ జట్టుకు కొంగ పేరేమిటని నవ్విన బయటివాళ్ళను ఆ బల్ల దగ్గర కూర్చోనివ్వరు. ఆ కొంగల మీద ప్రేమ కట్టలు తెంచుకున్న ఒక కార్ల వ్యాపారి, కొందరు ఆటగాళ్ళ తల్లులకు గుట్టుగా కార్లు ఇచ్చాడు. కొత్త కారు గుట్టుగా ఉంటుందా? కాలేజీ ఆటగాళ్ళ ఇళ్ళకు కానుకలు ఇవ్వకూడదనే కాలేజీ ఆటల సంఘానికి తెలిసిపోయింది. ఎన్ని ఆటలు గెలిచినా సరే, రెండు సీజన్ల పాటు డిసెంబరులో జరిగే ఛాంపియన్‌షిప్ ఆటలో కాలు పెట్టకూడదన్నారు. నిరుడు ఒక సీజన్ అలాగే గడిచింది. రెండోది నడుస్తోంది. కాలేజీ అప్పీలు చేసుకుంది.

"తగ్గించరు," అన్నాడు బర్ల్ టాకెట్. ఆయన భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసి రిటైరైన మనిషి. పన్నులు, కీళ్ళనొప్పులు, కమిటీల పంతం, ఇవి లోకంలో పెరగడమే గానీ తగ్గడం ఉండదని ఆయన గట్టి నమ్మకం.

"ఎందుకు తగ్గించరండీ?" వెర్లీన్ కప్పు బల్ల మీద కొట్టినంత పని చేసింది. "పాత కోచ్‌ని సాగనంపాం. అడిగిన కాగితాలన్నీ ఇచ్చాం. తప్పయిందని చెంపలేసుకున్నాం. ఇంకేం కావాలట వాళ్ళకి, మన రక్తమా?"

"ఇస్తే కాదనరు."

"కార్లు పంచినవాడు ఫ్లోరిడాలో పడవెక్కి చేపలు పడుతున్నాడు. శిక్షేమో ఈ పిల్లలకి. అప్పటికి వీళ్ళలో ఇద్దరు నా బస్సులో బడికొస్తున్నారు, పెదాల మీద నూనూగు మీసాలైనా లేవు. ఇదేం న్యాయం?"

"న్యాయం సంగతి చర్చిలో మాట్లాడుకుందాం వెర్లీన్. ఇక్కడ కమిటీ సంగతి మాట్లాడుతున్నాం."

బల్లంతా నవ్వింది. వెర్లీన్ కూడా నవ్వింది, కానీ వెనక్కి తగ్గలేదు. తగ్గిస్తారనే పక్షానికి ఆమే పెద్ద దిక్కు.

ఆ కొంగలు ఆమెకు ఉత్త ఆట కాదు. భర్త రాయిస్‌ను మొదట చూసింది స్టేడియం బయట, వేరుశనగకాయలు ఉడకబెట్టి అమ్మే బండి దగ్గర క్యూలో. పెళ్ళయ్యాక ఏటా సీజన్ మొత్తానికీ పక్కపక్క సీట్లు రెండు కొనడం మొదలుపెట్టారు. కూతురు తెస్సా పలకా బలపం పట్టే వయసులో రాయిస్ గుండె ఆగి పోయాడు. ఇల్లు చిన్నది చేసుకుంది, కారు అమ్మేసింది గానీ ఆ రెండు సీట్లు మాత్రం వదలలేదు. ఆయన సీట్లో తెస్సాను కూర్చోబెట్టింది. ఆ స్టేడియంలో కూర్చుంటే వెర్లీన్‌కు తాను ఒంటరినన్న సంగతి గుర్తొచ్చేది కాదు.

తెస్సా పుట్టింది నవంబరు చివర్లో. సరిగ్గా పక్క రాష్ట్రం జట్టుతో పాతపగ ఆట జరిగే వారం. కాబట్టి ఆ పిల్ల పుట్టినరోజులన్నీ స్టేడియం బయట, కార్లు నిలిపే చోట, చలిలో వణుకుతూ జరిగాయి. కేకు ఎప్పుడూ జట్టు రంగులైన నీలం, బూడిదలోనే. ఆ పిల్ల గులాబీ రంగు కేకు అడిగిందో లేదో ఎవరికీ గుర్తు లేదు.

ఆ పిల్ల ఇప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తోంది. చేపల చెరువుల దగ్గర పని చూసే వేడ్ అనే కుర్రాడిని ఇష్టపడింది. కొంగల ఆటలన్నీ శనివారాలే కాబట్టి ఆ ఊళ్ళో శరదృతువు శనివారాల్లో పెళ్ళిళ్ళు పెట్టుకోరు. పెట్టుకుంటే పాస్టరు గారు కూడా ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి గడియారం చూస్తారు. శిక్ష పడ్డాక మాత్రం చుట్టుపక్కల నాలుగైదు ఇళ్ళవాళ్ళకు ఒకేసారి ఒకే ఆలోచన వచ్చింది. ఛాంపియన్‌షిప్ శనివారం ఎలాగూ మనది కాదు, పెళ్ళి పెట్టేసుకుందామని. తెస్సా అందరికంటే ముందే చర్చి మాట్లాడేసింది.

"అమ్మా, డిసెంబరు మొదటి శనివారం," అని చెప్పింది ఆ ఏడు వసంతంలో. "నా బతుకులో కొంగలు లేని శనివారం ఇదొక్కటే. ఇది నాది."

వెర్లీన్ నవ్వి కూతురి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. మనసులో మాత్రం ఆ మాటను పూర్తిగా వినలేదు.

కొత్త సీజన్ మొదలయ్యాక కొంగలు గెలవడం మొదలుపెట్టాయి. ఎవరూ అనుకోలేదు. మొదట అదృష్టమన్నారు, తర్వాత కోచ్ గొప్పన్నారు, ఆ తర్వాత ఏమనాలో తెలియక రొట్టెలు రెండేసి తిన్నారు. నవంబరులో అప్పీలు విచారణ మొదలైంది. శిక్ష తగ్గితే ఛాంపియన్‌షిప్ ఆట టర్వెల్‌లోనే, సొంత మైదానంలోనే. బల్ల దగ్గర గొంతులు లేచాయి. వెర్లీన్ గొంతు అన్నిటికంటే పైన ఉంది.

"రాసిపెట్టుకోండి, తగ్గిస్తారు. ఈ డిసెంబరులో నేను ఆ సీట్లోంచి అరవకపోతే నన్ను పేరు పెట్టి పిలవకండి."

ఆ మాట అన్నాక డ్యూయీ ఆమె కాలిని బల్ల కింద తన్నాడు. వెర్లీన్ తలెత్తింది. కాఫీ పోసుకునే చోట, చేతిలో ఖాళీ కప్పుతో, తెస్సా నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. మేనమామకు పెట్రోలు డబ్బులిచ్చి, కప్పు అక్కడే పెట్టేసి బయటికి వెళ్ళిపోయింది.

వెర్లీన్ వెనకే పరిగెత్తింది. తెస్సా పంపు దగ్గర కారుకి పెట్రోలు పట్టుకుంటోంది.

"ఏదో మాట వరసకి అన్నానే."

"పర్లేదమ్మా. తగ్గిస్తే పెళ్ళి ఆదివారానికి మార్చుకుంటాం. పాస్టరు గారిని అడుగుతాలే."

"ఎందుకు మార్చడం? నా కూతురి పెళ్ళికి నేను రానా ఏంటి?"

"రావని ఎవరన్నారు? వస్తావు. ముందు వరసలో కూర్చుంటావు. మనసు ఇంకెక్కడో ఉంటుంది." తెస్సా గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నా తొమ్మిదో పుట్టినరోజు గుర్తుందా? కొవ్వొత్తులు వెలిగించి, ఇప్పుడే వస్తానని, ఆటకు ముందు రేడియోలో చెప్పే కబుర్లు వినడానికి కార్లోకి వెళ్ళావు. నేను కాసేపు చూసి నేనే ఊదుకున్నాను."

వెర్లీన్‌కు గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఆ రోజు ఆట స్కోరు మాత్రం ఠక్కున గుర్తొచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసి, పంపు పక్కన నిలబడి ఏడ్చింది. తెస్సా ఆమె భుజం తట్టి, పనికి టైమవుతోందని వెళ్ళిపోయింది.

మర్నాడు బల్ల దగ్గర ఎవరో మామూలుగా, "ఏం వెర్లీన్, తగ్గిస్తారంటావా?" అని అడిగారు.

"తగ్గించకూడదని కోరుకుంటున్నాను," అంది వెర్లీన్.

డ్యూయీ కోడి ముక్కలు తిప్పే పటకారు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. అందరికంటే ఎక్కువ కంగారు పడింది బర్ల్ టాకెట్.

"అదేంటమ్మా, నువ్వు ఇటొచ్చేస్తే నేనెక్కడికి పోవాలి?"

"మీ ఇష్టమండి. నా కూతురికి ఒక్క శనివారం కావాలి. నేను ఇన్నాళ్ళూ ఒక్కటీ ఇవ్వలేదు."

బర్ల్ గడ్డం గోక్కున్నాడు. వెర్లీన్‌తో ఏకీభవించడం ఆయన ఒంటికి పడే పని కాదు. చివరికి గొంతు సవరించుకుని, ఆలోచిస్తే అప్పీలులో కాస్త బలం ఉన్నట్టే ఉందని, తగ్గించినా తగ్గించవచ్చని మొదలుపెట్టాడు. ఆయన నోట ఆశ అనేది రావడం అదే మొదలు. బల్ల పగలబడి నవ్వింది.

ఆయన మాటే నిజమైంది. పాతపగ ఆట కూడా గెలిచిన వారం, మధ్యాహ్నం పిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపుతుండగా ఊరంతా కార్ల హారన్లు మొదలయ్యాయి. బస్సులో పెద్ద పిల్లలు ఫోన్లు చూసి కేకలు పెట్టారు. రెండో ఏడు శిక్ష ఎత్తేశారు. వెర్లీన్ బస్సును రోడ్డు పక్కన ఆపింది. గుండె ఎగిరి గంతేసింది, దాన్ని ఆపడం ఆమె వల్ల కాలేదు. ఆఖరి పిల్లవాడు దిగిపోయేదాకా పంటి బిగువున నడిపి, ఖాళీ బస్సులోంచి కూతురికి తనే ఫోన్ చేసింది.

"విన్నావా?"

"విన్నానమ్మా. సంతోషమేనా?"

"అబద్ధం ఎందుకాడాలి? చచ్చేంత సంతోషంగా ఉంది. ఇప్పుడు నా మాట విను. పెళ్ళి శనివారమే. తేదీ కదిపావో, ఒప్పుకోను."

"నా కోసం బలవంతంగా..."

"బలవంతం కాదే పిచ్చిదానా. నేను అడుగుతున్నాను. ఆ శనివారం నాకివ్వు."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "సరే," అంది తెస్సా.

సీట్లు రెండూ బర్ల్ గారికి ఇచ్చింది. ఆయన టికెట్ల వంక చూసి ఇబ్బంది పడ్డాడు. "రాయిస్ సీట్లో నేను కూర్చోవడమా?"

"కూర్చోండి. కానీ అరవాలి. అక్కడ కూర్చుని గెలవరు, గెలవరు అని గొణిగారంటే ఆయన పైనుంచి దిగొస్తాడు."

పెళ్ళికి జనం తక్కువేమో అని భయపడ్డారు గానీ, చర్చి నిండింది. ఊరి సంగతి తెలిసిన మనిషి కాబట్టి విందు హాలు వంటగదిలో టీవీ పెట్టించమని వెర్లీనే చెప్పింది. అతిథులను ఏడిపించి పెళ్ళి చేయడం ఆమెకు ఇష్టం లేదు. కేకు మాత్రం గులాబీ రంగుది చేయించింది. తెస్సా దాన్ని చూసి తల్లి వంక చూసింది.

వేయించిన చేపలూ పందిమాంసమూ తినడం అయ్యాక, తండ్రి లేని పిల్ల కాబట్టి, పెళ్ళికూతురు ఆనవాయితీగా తండ్రితో ఆడాల్సిన నాట్యం తల్లితో ఆడింది తెస్సా. సగం పాట అయ్యేసరికి వంటగదిలోంచి హాలు కప్పు ఎగిరిపోయేంత కేక వచ్చింది. హాల్లో ఉన్నవాళ్ళలో సగం మంది కుర్చీలు తోసుకుని అటు పరిగెత్తారు. ఏదో నసుగుతూ డ్యూయీ కూడా జారుకున్నాడు.

వెర్లీన్ మెడ అటు తిరగబోయింది. ఇన్నేళ్ళ అలవాటు మరి. సగంలో ఆగి, మళ్ళీ కూతురి వైపు తిరిగింది.

"వెళ్ళి చూసిరా అమ్మా," అంది తెస్సా మెల్లగా. "నేనేమీ అనుకోను, నిజంగా."

"వాళ్ళు వచ్చే ఏడు కూడా ఆడతారే. ఇప్పుడు అడ్డేమీ లేదుగా. నువ్వు మళ్ళీ పెళ్ళి చేసుకుంటావా?"

"చెప్పలేనమ్మా. వేడ్ గురక నువ్వు విన్లేదు."

వెర్లీన్ నవ్విన నవ్వుకు, వంటగదిలో ఉన్నవాళ్ళు టీవీ వదిలేసి గుమ్మంలోకి వచ్చి చూశారు. తెస్సా తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, చిన్నపిల్లలా భుజం మీద తల పెట్టుకుంది. వంటగదిలో మళ్ళీ కేకలు లేచాయి, అవి సంతోషానివో ఏడుపువో తెలియలేదు. పాట అయిపోయింది. వాళ్ళిద్దరూ అలాగే ఊగుతూ ఉంటే, పాటలు పెట్టే కుర్రాడు అదే పాటను మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.