హాల్లో కుండీలకి ఎంత మోటారు

మా ఆవిడ గుండెలో ఒక వాల్వు పాడైందనీ, ఎండలు ముదరకముందే ఆపరేషన్ చేసి మార్చాలనీ విజయవాడలో డాక్టరు చెప్పాడు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, ఆసుపత్రిలో ఎన్నాళ్లుండాలని. రెండు వారాలు పట్టవచ్చని ఆయనన్నాడు.

"అన్నాళ్లు మొక్కలకి నీళ్లెవరు పోస్తారండీ?" అంటూ నా వైపు తిరిగింది.

డాక్టరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ ఆ మాట సరదాకి అనలేదని నాకు తెలుసు.

ఆ మొక్కలు అంతకుముందు మేడ మీద, గ్రీన్ నెట్ కింద ఉండేవి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆవిడంటే ఒక్కొక్కటే కిందికి మోసుకొచ్చి, నూజివీడులోని మా ఇంటి హాల్లో, కిటికీ పక్కన మూడంతస్తుల ఇనుప స్టాండు చేయించి సర్దాను. మనీప్లాంటు, ఫెర్నులు, తెల్లపూల లిల్లీ, నాకు నోరు తిరగని పేర్లవి మరికొన్ని. రెండు పూటలు నీళ్లు తప్పితే చాలు, అలిగినట్టు తలలు వేలాడేస్తాయి. వాటి కులుకు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఎవరికైనా తాళం ఇచ్చి వెళ్దామంటే, మామిడికాయ కోతల రోజుల్లో మా వైపు ఖాళీగా ఉన్న మనిషి దొరకడు. రెడ్డిగూడెం దారిలో మాకున్న తోటని ఆ ఏడు గుత్తకి ఇచ్చేశాను కాబట్టి కాయ కాపలా అంతా వ్యాపారి మనుషులదే. తోటకి కాపలా ఉంది, కుండీలకి లేదు. పక్కింటివాళ్లకి చెబుదామంటే వాళ్లు పోసే నీళ్లకి వేర్లు కుళ్లిపోతాయంది. పోయినసారి ఊరెళ్లి వచ్చేసరికి రెండు కుళ్లిన మాట నిజమే.

నాకు తెలిసిన వ్యవసాయం చెప్పి చూశాను. "మామిడికి పూత రావాలంటే నీళ్లు ఆపుతామా లేదా? కాస్త ఎండబెడితే ఏ చెట్టూ చావదు."

"ఇవి మామిడి చెట్లా, ఎండబెడితే పూత వచ్చి మీకు కాయలివ్వడానికి? నీళ్ల సంగతి తేలేదాకా నేను రాను" అంది.

రాను అంటే రాదు. డాక్టరిచ్చిన తేదీ అలాగే ఒకసారి దాటిపోయింది. పడుకుంటే ఊపిరాడక ఆవిడ కుర్చీలోనే కునుకు తీసేది. ఆ ఊపిరి చప్పుడు వింటూ నేను కాలుగాలిన పిల్లిలా వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగేవాణ్ణి.

మోటారు పెడితే పోతుంది కదా అనుకున్నాను. మోటార్లు నాకు కొత్తా? బోర్లు వేయించాను, కాలిపోయిన మోటార్లని పైకి లాగించాను. నేనెప్పుడూ కొనే షాపుకి వెళ్లాను.

"బోరు లోతెంతండీ?" అన్నాడు షాపాయన.

"బోరుకి కాదయ్యా, కుండీలకి."

"నర్సరీ పెట్టారా? ఎన్నెకరాలు?"

"హాల్లో."

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశాడు. తర్వాత లోపలికెళ్లి, ఎయిర్ కూలర్లో పెట్టే చిన్న పంపు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇంకాస్త పెద్దది ఇవ్వు" అన్నాను. నేనే కాదు, మా వైపు ఏ రైతైనా అదే అంటాడు. మోటారు చిన్నదైతే చివరి చెట్టుకి నీళ్లందవు, పెద్దదైతే వచ్చే నష్టమేమీ లేదు. ఈ నమ్మకం మాకు ఉగ్గుపాలతో వచ్చింది.

పెద్దదే తెచ్చి బకెట్లో దించి, సన్న పైపులు తగిలించి స్విచ్చి వేశాను. పైపు ఊడి గోడ మీది క్యాలెండరుని తడిపింది. మొదటి కుండీలో మట్టి లేచి సోఫాలో పడింది. చివరి కుండీకి మాత్రం చుక్క రాలేదు.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశారు" అని ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గుతూ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. నేను మంచినీళ్లిచ్చి, కాస్త తేరుకున్నాక తిన్నగా షాపుకెళ్లి ఆయన మీద అరిచాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే అదే. పాపం, ఆయన చిన్నదే ఇచ్చాడు, పెద్దది అడిగింది నేను.

తర్వాత ఫోన్ ఛార్జరుతో నడిచే బుల్లి పంపు ఆన్‌లైన్లో తెప్పించాను. అది స్టాండు కింది అరదాకా నీళ్లు తెచ్చి, పై అర ఎక్కలేక గుయ్యిమంటూ కూర్చుంది. పైపు చివర అరచెయ్యి పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. డాక్టరిచ్చిన రెండో తేదీ దగ్గరికొస్తోంది.

అప్పుడు తట్టింది, మామిడి పూత మీద పురుగుమందు కొట్టడానికి వీపున తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయరు. దాని కడుపులో ఉండే మోటారు గుప్పెడంతే, కానీ నీళ్లని తనే లాగి పైకి తోస్తుంది. స్టోరు గదిలో పాత స్ప్రేయరు విప్పేసి, మోటారు చేత్తో పట్టుకుని గొప్పగా హాల్లోకి వచ్చాను. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఎన్నేళ్లు మందు తాగిందండీ అది! దాంతో నా మొక్కలకి నీళ్లా? ఇంట్లోనా?"

నిజమే. తోటలో అలవాటైన వాసన నా ముక్కుకి తెలియనేలేదు. అలాంటిదే కొత్త మోటారు కొనుక్కొచ్చి, టైమరు తగిలించాను. ఈసారి అన్ని కుండీల్లో చుక్కా చుక్కా పడింది, పై అరలో కూడా. కాఫీ పెట్టుకుని తాగి వచ్చేసరికి హాలంతా నీళ్లు! టైమరు ఆగింది. మోటారు చప్పుడు లేదు. పైపులు మాత్రం కారుతూనే ఉన్నాయి. టైమరుని తిట్టాను, నెత్తిన రెండు మొట్టాను కూడా.

ఆవిడ కుర్చీలో కూర్చునే అడిగింది. "పైనుంచి నీళ్లు వాటంతటవే దిగుతుంటే ఇంక మోటారెందుకండీ?"

తలెత్తి చూశాను. నీళ్ల తొట్టి బీరువా మీద ఉంది, పెట్టింది నేనే. ఎందుకు పెట్టానంటే ఏం చెప్పను? ఇంటికైనా తోటకైనా ట్యాంకు ఎత్తులోనే ఉండాలని చెయ్యి దానంతటది అక్కడికి పోయింది. ట్రాక్టరు ట్యాంకులో పైపు పెట్టి ఒకసారి నోటితో పీలిస్తే డీజిలు ఆగకుండా కిందికి దిగుతుంది. ఇన్నేళ్లు ఆ పని చేసినవాణ్ణి నేనే. తొట్టిని నేల మీదికి దించాక, టైమరు ఆగితే నీళ్లూ ఆగాయి.

ఆ ఊపులో తొట్టి తీసేసి, బజారుకెళ్లి స్టాండు కింది అర ఎత్తు దాటనివాటిలో పెద్ద డ్రమ్ము తెచ్చి అంచుదాకా నింపాను. వేసవి గడిచేదాకా చాలేటన్ని నీళ్లు. నాకు అడ్డు తొలగిపోయింది, ఇక ఆవిడకి వంక లేదు.

బయల్దేరే రోజు పొద్దున, కారు గుమ్మంలో ఉండగా, ఆవిడ మోటారు ఒకసారి నడిపించమంది. ప్రతి కుండీలో వేలు గుచ్చి తడి చూసుకుంది. డ్రమ్ము మూత తీసి లోపలికి తొంగి చూసింది.

"కుదిరిందండీ. ఇక నేను రాకపోయినా వీటికి లోటు లేదు" అంది.

ఏడుస్తూ కాదు, దెప్పుతూ కాదు. పాలబ్బాయికి రేపటి నుంచి పాలొద్దని చెప్పినంత మామూలుగా అంది. ఇన్నాళ్లూ ఊరంతా తిరిగి, అందరి మీదా అరిచి నేను చేసుకొచ్చింది ఇదా? ఆవిడ చెయ్యి లేకుండా ఆవిడ మొక్కలు బతికే ఏర్పాటా? ఆపరేషన్ బల్ల మీద నుంచి ఆవిడ లేవదేమోనన్న భయం, ఒక్కరోజు కూడా నోటి దాకా రానివ్వని భయం, ఆ హాల్లో నన్ను పట్టుకుంది.

వంటింట్లోంచి చెంబు, బకెట్టు తెచ్చి డ్రమ్ములో నీళ్లు తోడటం మొదలుపెట్టాను. బకెట్టు నిండగానే పెరట్లో పారబోసి మళ్లీ వచ్చాను.

"ఏంటండీ, ఏం చేస్తున్నారు? డ్రైవరు హారన్ కొడుతున్నాడు."

"నీళ్లు ఎక్కువయ్యాయి" అన్నాను. తోడుతూనే ఉన్నాను. చొక్కా తడిసిపోయింది. "మనం తిరిగొచ్చేనాటికి అడుగంటుద్ది. ఆ పైన చుక్క ఉండదు. నువ్వొచ్చి పోసుకోవాల్సిందే. నేను పొయ్యను, ముందే చెబుతున్నా."

ఆవిడ నన్ను చూసింది, డ్రమ్ము చూసింది. గుమ్మం పట్టుకుని చెప్పులు వేసుకుంది.

"ఇంకో రెండు చెంబులు ఉంచండి. ఆసుపత్రోళ్లు చెప్పిన రోజుకి ఎప్పుడు వదిలారు గనక" అంది.

డ్రమ్ములో తిరిగి రెండే పోశాను.