ఇటు వినబడుతుంది, అటు వినబడదు

నలభై దాటి తల సగం నెరిసినా అతన్ని అందరూ సిగ్నలబ్బాయి అనే పిలిచేవారు. ఫిర్యాదు చేసిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఫోను సిగ్నలు సరిగ్గా ఉందో లేదో చూసి రావడం అతని ఉద్యోగం. సంచీలో ఎప్పుడూ అరడజను ఫోన్లుండేవి. ఒక్కటీ అతని కోసం మోగేది కాదు. దీపం కిందే చీకటి అంటారే, అలాగన్నమాట.

అమ్మ ఉన్నన్నాళ్ళూ సాయంత్రమయ్యేసరికి ఆవిడ దగ్గర్నుంచి ఫోను వచ్చేది. ఆవిడ పోయాక అతను ఫోను చెవికి ఆనించి మాట్లాడటమే మానేశాడు. ఆఫీసుతో వ్యవహారమంతా మెసేజీల మీదే నడిచిపోయేది. ఉండేది బట్టల కొట్టు పైన ఒంటి గదిలో. ఒక మంచం, ఒక కుర్చీ. ఇంకో కుర్చీ కొందామనుకున్నాడు గానీ, అది ఎప్పుడూ ఖాళీగా కనబడుతుందని ఊరుకున్నాడు.

ఆ రోజు అతను వెళ్ళింది రిటైరైన ఒక బస్సు కండక్టరు ఇంటికి. ఇంతకుముందు కూడా వచ్చి, లోపమేమీ లేదని రాసి వెళ్ళాడు. ఈసారీ అదే రాస్తే కంపెనీ వాళ్ళు ఫిర్యాదు మూసేస్తారు. కండక్టరు విరిగిన కాలికి కట్టుతో, కిటికీ పక్కన పడక్కుర్చీలో ఉన్నాడు.

"మా అక్క మాట నాకు గంట కొట్టినట్టు వినబడుతుందబ్బాయ్. నా మాటే దానికి చేరట్లేదు. ఒక్కగానొక్క అక్క. మాటా మాటా వచ్చి ఏడాదిగా పలకరింపుల్లేవు. పాపం తనే దిగొచ్చి ఫోను చేసింది. ఇక్కడ నేను గొంతు చించుకుంటుంటే, 'ఏరా, ఇంకా కోపం పోలేదా? బెల్లం కొట్టిన రాయిలా ఉలకవు పలకవు' అని ఏడ్చి పెట్టేస్తోంది."

"మెసేజీ పెట్టి చూశారా?"

"దానికి చదవడం రాదు. పక్కింటివాళ్ళ ఫోనుతో చేస్తే, కొత్త నంబరని ఎత్తదు. వెళ్దామంటే ఈ కాలొకటి. నిన్న చెప్పేసింది, ఇంకొక్కసారి చూస్తానని, అప్పుడూ మాట్లాడకపోతే తమ్ముడు లేడనుకుంటానని."

సిగ్నలబ్బాయి ఎప్పటిలాగే ఆయన ఫోనును బల్ల మీద స్టాండుకు నిలబెట్టి, లాప్‌టాప్ తగిలించి చూశాడు. ఈ కొత్త రకం ఫోన్లు టార్చిలైటు వేసినట్టు ఒక దిక్కుకే తరంగాలు పంపుతాయి. టవరు మాట ఏ పక్క నుంచి బాగా అందితే, తన మాటనూ ఆ పక్క నుంచే పంపుతుంది ఫోను. బల్ల మీద ఉన్నంతసేపూ ఈ ఏర్పాటుకు వంక పెట్టడానికేమీ లేదు.

"లోపమేమీ కనబడటం లేదండీ."

"ఫోన్లో బల్ల మాట్లాడుతుందటయ్యా?" కండక్టరుకు ఒళ్ళు మండింది. చేతికర్ర ఊతంతో లేచి మంచం మీదికి మారాడు. "రా, నా కుర్చీలో కూర్చో. మీవాళ్ళకెవరికైనా చేసి, మనిషి మాట్లాడినట్టు మాట్లాడు. అప్పుడు చెప్పు."

అతను కూర్చున్నాడు. మీవాళ్ళు అన్న మాటకు ఒక్క నంబరూ తట్టలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చివరికి ఆయన ఫోన్లోంచే కంపెనీ వాళ్ళ పరీక్ష నంబరు నొక్కాడు. అక్కడ మనిషెవరూ ఉండరు. టిక్కుటిక్కుమంటూ, మన మాటను మనకే తిప్పి వినిపించే యంత్రం ఉంటుంది.

"హలో," అన్నాడు. హలో అంది యంత్రం.

"నేనేనమ్మా," అన్నాడు, కండక్టరు చూస్తున్నాడు గనక. "ఇవాళ ఎండ బాగా ఉంది. మందులేసుకున్నావా? నాకేం, బాగానే ఉన్నాను."

నాటకంగానే మొదలుపెట్టాడు. అంతలో అది నాటకం కాకుండా పోయింది. ముఖం కనబడకుండా కిటికీ వైపు తిరిగి, ఫోనును రెండు చేతులా పొదివి పట్టుకుని చెంపకు అదుముకున్నాడు.

"ఏం తోచట్లేదమ్మా," అన్నాడు.

ఆ మాట తిరిగి రాలేదు. టిక్కుటిక్కు మాత్రం వినబడుతూనే ఉంది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ రాలేదు.

గబుక్కున లాప్‌టాప్ వైపు చూశాడు. ఫోను పంపే శక్తి అడుగంటిపోయి ఉంది. దొంగ దొరికాడు! టవరు గొంతు పెద్దది, చెయ్యీ చెంపా అడ్డొచ్చినా లోపలికి వచ్చేస్తుంది. ఫోను మాత్రం ఒంటికి ఆనుకున్న వైపు, మనిషికి హాని కలగకూడదని తన గొంతు తగ్గించుకుంటుంది. తగ్గించుకుని మరీ, టవరు మాట బాగా అందేది అటే గనక, అటునుంచే పంపుతోంది. ఆప్తులతో మాట్లాడేవాళ్ళు ఫోనును ఎలా పట్టుకుంటారో అతను మరిచిపోయాడు గనక ఇన్నాళ్ళూ ఇది కంటపడలేదు.

వెంటనే కంట్రోలు రూముకు మెసేజీ పెట్టాడు. ఫోను ఎంచుకున్న వైపునే నమ్ముకోకుండా, అన్ని పక్కల నుంచీ ఒక్కోసారి పంపించి చూసుకుని, తనకు ఏది బాగా వినబడితే అటునుంచే పంపమని టవరే ఫోనుకు చెప్పాలి. అదీ సంగతి. కాసేపటికి సెట్టింగు మార్చామని జవాబు వచ్చింది.

కండక్టరు అక్క నంబరు నొక్కి, ఫోను చెంపకు అదుముకుని పొలికేక పెట్టాడు.

"అక్కా! వినబడుతోందా?"

"చెవుడు నాకా, నీకా? ఎందుకురా ఆ అరుపులు?" ఆవిడ గొంతు గదంతా వినబడింది. తర్వాత ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత, ఏడాది కిందటి గొడవలో తప్పెవరిదని హాయిగా పోట్లాట మొదలుపెట్టారు. సిగ్నలబ్బాయి సంచీ సర్దుకున్నాడు. కండక్టరు తలెత్తకుండానే చెయ్యి ఊపాడు.

బాగుచేసిన మర్నాడు వినియోగదారుడితో మాట్లాడి, అంతా సవ్యంగా ఉందని అనిపించుకోవాలన్నది కంపెనీ నియమం. మెసేజీ పనికిరాదు. అతను పొద్దున్నుంచీ ఆ ఫోను చేసే వేళ కోసమే ఎదురుచూశాడు. కాలెలా ఉందని అడగాలి, పోట్లాటలో ఎవరు నెగ్గారో అడగాలి. ఆయన ఎలాగూ మాటకారి, ఓ పట్టాన వదలడు. సాయంత్రం గదికి చేరి, ముఖం కడుక్కుని నంబరు నొక్కాడు.

"మీరు కాల్ చేస్తున్న వ్యక్తి వేరే కాల్‌లో ఉన్నారు."

టీ కాచుకుని మళ్ళీ చేశాడు. అదే మాట. చీకటి పడ్డాకా అదే మాట. అక్క ఫోను పెట్టలేదన్నమాట. సంతోషం వేసింది. అబద్ధమెందుకు, ఏడుపూ వచ్చింది. లైను బాగా పనిచేస్తోందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఫిర్యాదు తీరిందని రాసి పంపాడు.

ఆ తర్వాత, పనేమీ లేకపోయినా, ఆ నంబరుకే ఇంకోసారి చేశాడు.