మందు వేయని రంజన్లు

మా నాన్న దాహంతో పోయారు. బస్సుల వర్క్‌షాపులో పని ముగించుకొని, ఒక వైశాఖ మధ్యాహ్నం కాలినడకన ఇంటికి వస్తూ, పురానాపూల్ మీద వడదెబ్బకు కుప్పకూలారు. ఆయనను మోసుకొచ్చిన వారిలో ఒకరు, ఆయన రెండుసార్లు నీళ్లు అడిగారనీ, ఆ ఎండలో వంతెన మీద చుక్క నీరు దొరకలేదనీ చెప్పారు. ఆ మాట అమ్మ చెవిన పడకుండా ఉంటే బాగుండేదని నేను చాలాకాలం అనుకున్నాను. మరుసటి ఏడు మొదలుకొని, ఉగాది వెళ్లిన మూడవనాటి నుండి తొలకరి నేలను తడిపే దాకా, మా ఇంటి ముందు తడకల పందిరి కింద చలివేంద్రం పెట్టడం ఆమెకు వ్రతమైపోయింది.

ఆ వ్రతానికి ఆమె నియమాలు ఆమెవే. ఇసుక పరచి దాని మీద నాలుగు రంజన్లు, నిలువెత్తు మట్టి కుండలు, నిలిపేది. వాటికి తడిగుడ్డ చుట్టి, లోపల వట్టివేళ్ల కట్ట వేసేది. నల్లా వచ్చిన గంటలో మొదట పడే ఎర్రని నీటిని వాకిట్లో పారబోసి, తేటపడిన తరువాత తెల్లని గుడ్డలో వడగట్టి నింపేది. ఇత్తడి ముంతను రోజూ చింతపండుతో తోమేది. ముంత అంచు తాగేవారి చేతికి గాని పెదవికి గాని తగలకుండా, పై నుండి సన్నని ధారగా దోసిట్లో పోసేది. కంటికి కనిపించే మలినం ఏదీ ఆ రంజన్లలోకి పోలేదని నేను ఈనాటికీ సాక్ష్యం చెప్పగలను.

నేను చెప్పబోయేది డెబ్భైల నడుమ వచ్చిన ఒక వేసవి గురించి. అప్పటికి నేను ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. పరీక్షలు ఇంకా ముగియలేదు. ఒక సోమవారం నా తరగతిలో ఒకే వరుసలో ముగ్గురు పిల్లలు కనిపించలేదు. సాయంత్రం ఇంటికి వస్తే మా గల్లీ మలుపులోని దర్జీ ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. తెల్లవారి లేచి కత్తెర పట్టిన మనిషి, మధ్యాహ్నానికి వాంతులూ భేదులతో నీరంతా పోగొట్టుకొని, కళ్లు లోపలికి పోయి, వేళ్ల కొనలు చాకిరేవులో నానినట్లు ముడుతలు పడి, ఎవరు పిలిచినా పలకకుండా ఉన్నాడు. మరునాటికి లేడు.

రెండు రోజులకు ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు సైకిలు మీద వచ్చాడు. నడివయసు దాటిన ముసల్మాను, మెత్తని మనిషి. ఇంటింటికీ తిరిగి నీళ్లు కాచుకొని తాగమని చెబుతూ మా పందిరి దగ్గర ఆగాడు. అమ్మ ఆయనకూ దోసిలి నిండా పోయబోయింది. ఆయన చేతులు జోడించి వద్దన్నాడు. ఆ తిరస్కారానికి అమ్మ ముఖం చిన్నబోవడం గమనించి కాబోలు, కింద కూర్చొని ఇసుకలో వేలితో రెండు గీతలు గీశాడు.

“ఇది గలీజ్ నీల్ల మోరీ, ఇది నల్లా పైపు. రెండూ పక్కపక్కనే పండుకుంటయి పంతులు సాబ్. నల్లా చాలూ ఉన్నంతసేపు పైపు బయటికి కక్కుతది. బంద్ అయినంక లోపటికి పీల్చుకుంటది. ఏం పీల్చుకుంటది? మోరీనే.”

నాలుగు రంజన్ల నీటిని రోజూ కాచేటంత కిరసనాయిలు మాకు లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చిన మందునీరు ఒక పెద్ద సీసాలో తెచ్చి నా చేతికిచ్చాడు. పొద్దున్నే రంజనుకు ఇంతని కొలత చెప్పి, ఎనిమిది రోజుల్లో సీసా ఖాళీ కావాలనీ, అప్పుడు కొత్తది ఇస్తాననీ అన్నాడు. అమ్మ మూత తీసి వాసన చూసి ముక్కు ముడుచుకుంది.

“వాసన రానియ్యుండ్రి అమ్మా,” అన్నాడాయన. “వాసన ఉన్నదంటే మందు బతికి ఉన్నట్టు.”

మొదటి రెండు రోజులూ చెప్పినట్లే వేశాను. అఫ్జల్‌గంజ్ మండీల్లో మూటలు మోసి వంతెన దాటి వచ్చే హమాలీలు దోసిలి పట్టి, ఒక గుక్క నోట పోసుకొని, పక్కకు ఉమ్మి వెళ్లిపోయారు. వారిలో ఒక పెద్దవాడు, “ఇది చలివేంద్రమా, దవాఖానానా పెద్దమ్మా? చిట్టీ రాపిచ్చుకొని రావాల్నా?” అని నవ్వాడు. అతడి నవ్వులో ద్వేషమేమీ లేదు. అయినా మరునాడతడు మా పందిరి వైపు తిరగలేదు.

అందరికంటె ఎక్కువ అలిగింది మా పాలామె. కిషన్‌బాగ్‌లో నాలుగు బర్రెలున్న ఇల్లు వాళ్లది. ఎండ ముదరక ముందే రెండు క్యాన్లతో వచ్చి, మా గల్లీలో పాలు పోసి, ఒక క్యాను కడిగి మా రంజన్ల నీళ్లు నింపుకొని వెళ్లేది. వాళ్ల బావిలో ఉప్పునీరు. అత్త ఆ నీళ్లు ముట్టదు, పప్పు అందులో ఉడకదు. ఆ వేసవిలో రోజూ కోడలు మోసుకువెళ్లే మా క్యాను నీళ్లే ఆ ఇంటికి తాగునీళ్లు.

“ఏంది పెద్దమ్మా, మోరీల చల్లే పౌడర్ మాకు తాపుతున్నవా?” అన్నది ఆమె. “గీ నీల్లు కొంటవోతే మా అత్త నా నెత్తిన గుమ్మరిస్తది. రేపు వాసన లేకుంట ఉంచు, లేకుంటె పాలల్ల నీల్లు కలుపుత సూడు.”

అమ్మ నవ్వలేదు. ఆ మధ్యాహ్నమంతా నిండు రంజన్ల పక్కన ముంత ఒళ్లో పెట్టుకొని కూర్చున్నది. దారిన పోయేవారిని పేరుపేరునా పిలిచింది. సాయంత్రం లోపలికి వచ్చి విస్తరి ముందు కూర్చొని, అన్నం కలిపి, తినకుండానే చేయి కడుక్కున్నది.

“ఎవలూ తాగుతలేరు కొడుకా. మీ నాయినకు నీల్లు పోతలేవు.”

ఆమె ఆ ఒక్క మాటే అన్నది. మరునాటి ఉదయం నేను మందు వేయలేదు. సీసాను నా పుస్తకాల అరలో నిఘంటువు వెనుక పెట్టాను. ఒక్కరోజు ఆగుదామనుకున్నాను. ఆ ఒక్కరోజులో హమాలీలు తిరిగి వచ్చారు, పాలామె క్యాను నింపుకొని అమ్మ బుగ్గలు పుణికి వెళ్లింది. వాసన ఎట్లా పోయిందని అమ్మ అడిగితే, ఇన్‌స్పెక్టరు కొలత తగ్గించమన్నాడని చెప్పాను. అబద్ధమాడడం నాకు అలవాటు లేని పని. అయినా ఆ మాట ఎంత సులభంగా నోట వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ విస్మయమే. అంతకంటె పెద్ద కీడు ఆ తరువాత జరిగింది. సందేహిస్తూ ఆగిన ప్రతివారికీ అమ్మ, “మందు ఏసిన నీల్లే, మా కొడుకు కొలిచి ఏస్తడు, తాగుండ్రి” అని ధైర్యం చెప్పేది. గల్లీలో నీళ్లు కాచుకుంటున్న ఇళ్లవారు సైతం కట్టెలు దండుగని బిందెలు పట్టుకొని మా దగ్గరకు రాసాగారు.

ఆ వారంలో రోగం నడవడం నేర్చింది. మొదట మా గల్లీలో ఇల్లు విడిచి ఇల్లు పట్టింది. ఆ తరువాత వంతెన అవతల హమాలీలు పడుకునే అరుగుల మీద కనిపించింది. చిట్టీ రాయించుకోవాలా అని నవ్విన పెద్ద హమాలీ ఇద్దరి భుజాల మీద రిక్షా ఎక్కడం నేను చూశాను. బడిలో హాజరు పిలుస్తుంటే పలుకులు పలచబడ్డాయి. ఆడవాళ్లు పసుపునీళ్లలో వేపమండలు ముంచి గడపల మీద చల్లారు, అమ్మవారికి సాక పోసి వచ్చారు. మా రంజన్ల నుండే అదంతా వెళ్లిందని నేను నిర్ధారణగా చెప్పలేను, ఎందుకంటే నల్లాలు అన్ని ఇళ్లలోనూ ఉన్నాయి. వెళ్లలేదని మాత్రం ఏ నోటితో చెప్పను?

జనానికి కారణం ఒకటి కావలసి వచ్చింది. మలుపులో పుచ్చకాయ ముక్కలు అమ్మే బండివాడి సరుకు మీద ఈగలు ముసురుతున్నాయని ఎవరో అన్నారు. ఒక సాయంత్రం మా గల్లీ మగవాళ్లే ఆ బండిని మోరీలోకి ఒరగదోశారు. ఎర్రని ముక్కలు నల్లని నీటిలో తేలాయి. అతడు కాటా ఒక్కటి ఏరుకొని వెళ్లిపోయాడు. నేను మా అరుగు మీద నిలబడి ఉన్నాను. ‘ఆగండి’ అనే మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాట వెనుక రెండవ మాట చెప్పవలసి వస్తుందని మింగాను.

ఆ మరునాడు కూడా మందు వేయలేదు. వేస్తే వాసన వస్తుంది, నిన్నటిదాకా లేని వాసన ఈవేళ ఎందుకు వచ్చిందని అమ్మ అడుగుతుంది. మొదట జాలితో ఆపిన పనిని ఇప్పుడు భయంతో ఆపాను.

తరువాతి రోజు, రెండు రోజులుగా రాని పాలను పాలామె భర్త తెచ్చాడు. తల్లి మొన్న పోయిందనీ, భార్యను నిన్న మధ్యాహ్నం అంటురోగాల దవాఖానాలో చేర్చామనీ క్యాను దింపకుండానే చెప్పాడు. అమ్మ నన్ను వెంటనే వెళ్లి చూసి రమ్మన్నది.

ఆ వార్డులో నవారు మంచాలకు నడుమ రంధ్రం చేసి కింద బకెట్లు పెట్టారు. చేతికి సెలైను గొట్టం. పాలామెను నేను మొదట గుర్తుపట్టలేదు. గుండ్రని ముఖం ఒక్క రాత్రిలో ఎముకగా మారింది. ఆమె మాత్రం నన్ను గుర్తుపట్టి, పెదవులు తడుపుకొని అడిగింది.

“సారూ, మీ ఇంటి నీల్లు తెచ్చినవా? ఈడి నీల్లు వాసనొస్తున్నయి. తాగబుద్ధి అయితలేదు.”

తేలేదని చెప్పి, మంచం పక్కన ఉన్న గ్లాసును ఆమె నోటికి అందించాను. ఆ నీటి నుండి, నా నిఘంటువు వెనుక దాచిన సీసా వాసనే వచ్చింది. ఆమె రెండు గుక్కలు తాగి ముఖం తిప్పుకున్నది. ఆనాటి సాయంత్రానికి ఆ మంచం మీద మరొకరు ఉన్నారని ఆమె భర్త ద్వారా తెలిసింది.

ఎనిమిది రోజుల గడువు ముగిసి ఇన్‌స్పెక్టరు కొత్త సీసాతో వచ్చినప్పుడు, నేను బడి నుండి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. ఆయన ఖాళీ సీసా అడిగాడు. నేను లేచేలోగానే అమ్మ నా గదిలోకి వెళ్లింది. పుస్తకాల దుమ్ము దులిపే మనిషి, ఎక్కడ ఏముందో నాకంటె ఆమెకే బాగా తెలుసు. సీసాను రెండు చేతులతో పట్టుకొని బయటకు వచ్చింది. దాని బరువు చేతికి తెలిసి గడప దగ్గరే ఆగి, వెలుతురుకు ఎత్తి చూసింది. రెండు రోజుల మేరకు మాత్రమే తరిగి, మిగిలినదంతా ముప్పాతిక సీసా దాకా నిలిచి ఉన్నది.

ఇన్‌స్పెక్టరు సీసా వంకా నా వంకా చూసి, తన పుస్తకం తెరిచి, ఏమీ రాయకుండానే మూశాడు. కొత్త సీసాను అరుగు మీద పెట్టి, సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

అమ్మ నన్ను తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఆమె నాలుగు రంజన్లనూ ఒకదాని తరువాత ఒకటిగా మోరీలోకి వంచింది. వట్టివేళ్లు తీసి పారేసింది. ఖాళీ రంజన్లను బోర్లించి, చెంగుతో చేతులు తుడుచుకొని, చెప్పులు వేసుకున్నది.

“నడువు, కిషన్‌బాగ్ పోదాం. నేను పోసిన్నని నేను చెప్త. నువ్వు ఎయ్యలేదని నువ్వు చెప్పాలె.”

మేము వెళ్లేసరికి పాలామె భర్త బర్రె కింద కూర్చొని పాలు పితుకుతున్నాడు. పక్కన ఎనిమిదేళ్ల కూతురు తల్లి క్యానును పీచుతో తోముతున్నది. అమ్మ తన మాట చెప్పింది. నేను నాది చెప్పాను. ఎన్నో వేదికల మీద ఎన్నో వాక్యాలు అల్లిన నాకు ఆ రెండు వాక్యాలు పూర్తి చేయడానికి చాలాసేపు పట్టింది. అతడి చేతులు ఆగలేదు. చెంబులో పాలధార చప్పుడు అట్లాగే సాగింది.

“వాసనొద్దన్నది మా ఆమెనే గద,” అన్నాడు చివరికి, మా వైపు చూడకుండానే. “నాకు గూడ చెప్పింది. పెద్దమ్మతోని చెప్పి వాసన బంద్ చేపిచ్చిన అని నవ్వింది.”

అమ్మ ఏడవసాగింది. అతడు చెంబు పక్కన పెట్టి లేచి, ఆమెను మంచం మీద కూర్చోబెట్టాడు. ఆ తరువాత నా వైపు తిరిగాడు.

“మా ఆమెకు తెల్వది. మా అమ్మకు తెల్వది. నువ్వు చదువుకున్నోనివి గద సారూ.”

దూడను విప్పి తల్లి దగ్గరకు వదిలాడు.

ఆ వేసవిలో మా పందిరి మళ్లీ లేవలేదు. వానలు పడి రోగం తగ్గింది. పుచ్చకాయల బండివాడు మా గల్లీకి ఎన్నడూ తిరిగి రాలేదు. మరుసటి ఉగాది వెళ్లిన మూడవనాడు అమ్మ రంజన్లు కడిగి నిలబెట్టింది. పొద్దున్నే మందు తానే కొలిచి వేసి, మొదటి దోసిలి అందరి ముందూ తానే తాగేది. వచ్చేవారు పూర్వంలో సగం లేరు. పిలవడం కూడా మానివేసింది.

పాలు మాత్రం పాలామె భర్త మానకుండా తెచ్చాడు. వాళ్ల బావి ఇంకా ఉప్పుదే. పాలు పోయడం అయ్యాక పందిరి దగ్గర ఆగి, అమ్మను కాక నన్నే అడిగేవాడు, “సారూ, ఏసిన్రా?” అని. వేశామని నేను చెప్పేవాణ్ణి. అతడు తలూపి దోసిలి పట్టేవాడు. నిండిన దోసిలిని ముక్కు దగ్గరకు తెచ్చుకొని, వాసన చూసుకొని, ఆ తరువాతనే తాగేవాడు. ఆ తరువాతి అన్ని వేసవులలోనూ, మా మధ్య ఎంత మాట కలిసినా, ఒక్కనాడు కూడా వాసన చూడకుండా తాగలేదు.