బోర్డు గోడవైపు తిరిగిన నెలలు

నలభై ఏడు డిగ్రీల ఎండలో మీ గడప తొక్కిన మనిషిని, ఎందుకు వచ్చావని అడగకుండా మీరు ఎన్ని రోజులు ఉండగలరు?

తెక్బెర్ మింత్ దాహీ మూడు రోజులు ఉంటుంది. అది ఆమె గొప్పతనమేమీ కాదు. మా అద్రార్ పీఠభూమిలో అందరూ అంతే. వచ్చినవాడు దారి తప్పి వచ్చాడో, ఎవరికైనా భయపడి వచ్చాడో, పిల్లను అడగడానికి వచ్చాడో మూడోనాటి పొద్దు గుంకేదాకా ఇంటివారికి తెలియనక్కరలేదు. నాలుగోనాటి ఉదయం అడగవచ్చు. ఈ నియమం మౌరిటానియా చట్టాలలో ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్న చట్టాలకంటె దీనిని పాటించేవారే ఎక్కువ.

తెక్బెర్‌కు యాభై రెండేళ్లు. అతార్ నుంచి ఇసుకదారిలో నాలుగు గంటల దూరాన ఉన్న తెన్‌వెజ్ అనే మా ఊరిలో ఆమెకు నాలుగు గదుల విడిది ఉంది. ముగ్గురు భర్తల నుంచి విడాకులు పొంది, మూడుసార్లూ పుట్టింటివారు డప్పు కొట్టించి పాటలు పాడిస్తుండగా ఊరికి తిరిగివచ్చిన మనిషి. మా వైపు అటువంటి స్త్రీకి గౌరవం తగ్గదు, అడిగేవారూ తగ్గరు.

అక్టోబరు నుంచి మార్చి దాకా ఇసుకతిన్నెలు చూడడానికి వచ్చే విదేశీయులు ఆమె గదుల్లో దిగుతారు. వడగాలి మొదలుకాగానే మాయమవుతారు. వాళ్ల పుస్తకాలలో మా వేసవి ఎవరూ రాకూడని కాలం. మాకు మాత్రం ఏడాదిలో అందరూ వచ్చే కాలం అదొక్కటే. ఖర్జూరపు గెలలు రంగు తిరిగిన రోజున తెక్బెర్ వీధి తలుపు పక్కనున్న బోర్డును గోడవైపుకు తిప్పి, గదులకు తాళాలు వేసి, తోటలోని మట్టల గుడిసెలోకి మకాం మారుస్తుంది. ఆనాటి నుంచి ఆరు వారాలు గెత్నా, అంటే ఖర్జూరం కోతల పండుగ. రాజధానిలో స్థిరపడినవారు సైతం పిల్లాపాపలతో దిగుతారు. ఎవరి తోటలోకైనా ఎవరైనా వచ్చి, చాప మీద కూర్చుని, కడుపు నిండా పండ్లు తినవచ్చు. బుట్టలో పట్టుకుపోకూడదు, అంతే.

ఆమె తల్లి అదే తోటలో పరుల చెట్లకు నీళ్లు తోడింది. చెట్లు సొంతం లేని కులంలో పుట్టినవారి పని అది. తెల్లవారకముందే బావి దగ్గరికి వెళ్లేది, పంటలో ఎంత ఇస్తే అంత తీసుకునేది. ఏడాది పొడుగునా ఆమె ఎవరినీ అడగకుండా తిన్నది ఆ ఆరు వారాలే. తరువాత కూతురు విడిది సంపాదనతో ఆ తోటనే ముప్పై ఒక్క చెట్లతో సహా కొన్నది. అప్పటికి తల్లి లేదు.

ఆ ఏడు జూలై రెండోవారంలో సరుకుల జీపులోంచి ఒక యువకుడు దిగాడు. ఇస్త్రీ మడత నలగని నీలి అంగీ, చేతిలో తోలుసంచి. రాజధానిలో పుట్టి పెరిగినవాడని నడకలోనే తెలుస్తోంది. కాలికింద ఇసుక కదిలినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాడు. పేరు ఎబ్నూ.

“ఇది విడిదే కదండీ? బోర్డు తిరగబడి ఉంది.”

“చలికాలంలో విడిది. ఇప్పుడు ఇల్లు,” అంది తెక్బెర్. “ఇలా నీడకు రా నాయనా, మొహం కందగడ్డయింది.”

“గదికి రోజుకు ఎంత...”

“ముందు ఇది తాగు.” ఆమె నీళ్లూ చక్కెరా కలిపిన పులిసిన పాలగిన్నె అతని చేతిలో పెట్టింది. ఆ ప్రశ్న అక్కడితో ఆగింది.

పక్క చాప మీద మహ్జూబా ఉంది. డెబ్బై దాటిన విధవరాలు. ఆమెకు చెట్లు లేవు. ప్రతి గెత్నాకూ తెక్బెర్ తోటలోనే ఆమె మకాం. మిగిలిన మూడు పళ్లతో పండు చప్పరిస్తూ అతనిని తేరిపార చూసింది.

“ఒసే తెక్బెర్, నాలుగోవాడు నడిచొచ్చాడే!”

“ఊరుకో అత్తా. కొడుకు వయసువాడు.”

“అయితే ఏం? నీ రెండోవాడు నీ తండ్రి వయసువాడు. లెక్క సరిపోయింది.”

గెత్నా రోజుల్లో ఒంటరిగా వచ్చిన మగవాణ్ణి పెళ్లికొడుకని అనుకోవడం మా ఊరికి అలవాటు. అనేక పెళ్లిళ్లు ఆ చాపల మీదే కుదిరాయి. సాయంత్రానికి ఊరంతా నమ్మింది. నేనూ నమ్మాను. అతార్ కోర్టులో వకీలునైనా, గెత్నాకు నా మకాం కూడా పిన్నీ అని నేను పిలిచే తెక్బెర్ తోటలోనే.

రెండోనాడు ఎబ్నూ తాళాలు అడిగి తీసుకుని గదులన్నీ తిరిగాడు. గోడ నుంచి గోడకు అడుగులు వేసి లెక్కపెట్టాడు. స్నానాల గదిలో కుళాయి తిప్పి, నీళ్లు ఎంతసేపటికి వస్తున్నాయో గడియారం చూసి, చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

“ఇల్లు కొలుస్తున్నాడు,” అంది మహ్జూబా. “కాపురానికి చాలుతుందో లేదో చూసుకుంటున్నాడు. తెలివైనవాడే.”

“కొలుచుకోనీ. నువ్వు మాత్రం అడగొద్దు అత్తా. ఇవాళ రెండో రోజే.”

“నేనెందుకు అడుగుతానే? నా కడుపు ఉబ్బిపోతోందంతే.”

అతడు చెప్పకపోవడానికి వేరే కారణం ఉంది. అతనిని పంపినవారు మామూలు గిరాకీలా వెళ్లి చూసి రమ్మన్నారు. అవతలివారు అడగనిదే బయటపడవద్దన్నారు. ధర చెబుతారని అతడు మూడు రోజులు ఎదురుచూశాడు. అతడు చెబుతాడని ఈమె మూడు రోజులు ఎదురుచూసింది. మూడోనాడు వడగాలి లేచి, ఆకాశం ఇటుకపొడి రంగుకు తిరిగాక, అతడు పుస్తకం సంచిలో పడేసి చాప మీద వాలాడు. మధ్యాహ్నానికి మహ్జూబా అతనిచేత పనులు చేయిస్తోంది.

“ఒరేయ్ పట్నం, ఆ కుండ ఇలా జరుపు. అది కాదు, తడిబట్ట చుట్టింది. మీ అమ్మ నీకు కుండ ఎలా ఉంటుందో చూపించలేదా?”

“మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది అవ్వా.”

“పాపం. అందుకే ఇలా అయ్యావు.”

అతడు నవ్వాడు. వచ్చాక అతడు నవ్వడం అదే మొదలు.

నాలుగోనాటి ఉదయం తెక్బెర్ ఆనవాయితీ ప్రకారం టీ మూడు విడతలూ పోసింది. మూడో గ్లాసు ఖాళీ అయ్యాక తలమీది ముసుగు సర్దుకుని, “ఇప్పుడు చెప్పు నాయనా, ఏ పని మీద వచ్చావు?” అంది.

ఎబ్నూ సంచిలోంచి కాగితాలు తీశాడు.

“పెళ్లికాగితం ముందే రాయించుకొచ్చాడు!” అంది మహ్జూబా.

“ఒప్పందం అవ్వా,” అన్నాడతడు. చెవులు ఎర్రబడ్డాయి. “యాత్రల కంపెనీ నుంచి వచ్చాను.”

చలికాలంలో విమానంలో అతార్‌కు దిగే విదేశీ బృందాలను ఊళ్లకు పంపేది ఆ కంపెనీయే. ఆ ఏటి నుంచి పన్నెండు నెలలూ తెరిచి ఉంచే విడుదులకే బృందాలను ఇస్తుందట. వేసవిలో కొత్తగా గెత్నా యాత్ర పెడుతోంది. ఎండ చూడాలనే వింతమనుషులు కూడా ఉంటారట. వాళ్లకోసం తోటకు కంచె, గేటు కావాలి. కుదరదంటే చలికాలపు బృందాలు పొరుగూరికి పోతాయి. తెక్బెర్ గదులలో దిగేవారు పదిమందిలో తొమ్మిదిమంది ఆ బృందాలవారే.

“ఎంత బాగా చూసుకున్నావో అంతా రాస్తాను అక్కా,” అన్నాడు ఎబ్నూ. “కానీ గదికి ధర చెప్పలేదు, మంచం మీద పడుకోనివ్వలేదు. నివేదికలో ఆ గళ్లు ఎలా నింపాలో నాకు తెలియడం లేదు.”

నెలాఖరులోగా జవాబు పంపమని కాగితాలు ఇచ్చి, ఆ సాయంత్రం జీపులో అతడు వెళ్లిపోయాడు. దారికి తినడానికి తెక్బెర్ ఖర్జూరాలు మూట కట్టి ఇచ్చింది. తోటలోంచి పండు బయటికి పోయింది ఆ ఒక్కసారే.

తెక్బెర్ కాగితాలు తెచ్చి నా చేత చదివించింది. ఏడో షరతు దగ్గర ఆగాను.

“అనుమతి లేనివారికి తోటలో ప్రవేశం లేదు,” అని చదివాను.

“అనుమతి లేనివాళ్లంటే ఎవరమ్మా?”

“టికెట్ కొననివాళ్లు పిన్నీ.”

“మహ్జూబా అత్త కూడానా?”

“అవును.”

“మా అమ్మ బతికుంటే?”

“ఆమె కూడా.”

నాకు కోపం వచ్చింది. ఆ షరతు మీద వెంటనే పోరాడాలన్నాను. కానీ దేనిని ఆధారం చేసుకోవాలి? తోట ఆమెది. ఆమె తోటకు ఆమె గేటు పెట్టుకుంటానంటే ఏ చట్టమూ అడ్డురాదు; ముసలమ్మ నోటికి అందే పండుకు ఏ చట్టమూ హామీ ఇవ్వదు. చదివిన చదువంతా వెతికినా ఒక్క మాట దొరకలేదు. అడ్డుపడగలిగినది తెక్బెర్ ఒక్కతే. అడ్డుపడితే పోయేది ఆమె బతుకుతెరువే.

ఆమె తొందరపడలేదు. రెండు వారాలు మామూలుగానే గెలలు దింపించింది, చాపలు దులిపించింది, పొరుగు తోటలకు వెళ్లి తిని వచ్చింది. మహ్జూబాకు సంగతి తెలిసింది. ఆమె ఒకరోజు తోటకు రాలేదు. తెక్బెర్ మనిషిని పంపితే, “నాకు అరగడం లేదని చెప్పు” అని కబురు పెట్టింది. తెక్బెర్ స్వయంగా వెళ్లింది.

“అరక్కపోతే నోరైనా పడిపోవాలిగా? అది బాగానే ఆడుతోంది. లే అత్తా.”

“నా మూలాన నీ ఇల్లు మూతపడుతుందంటున్నారే.”

“నీ మూలాన ఎప్పుడు ఏం జరిగింది గనక! లే.”

చేయి పట్టుకుని తీసుకొచ్చి పాత చాప మీదే కూర్చోబెట్టింది.

నెలాఖరుకు రెండు రోజుల ముందు తెక్బెర్ నన్ను గుడిసెలోకి పిలిచి కలం తీయమంది. మూడు గదులు ఇక తెరవనని, రోడ్డు వెంట తమంతట తాము వచ్చేవారికి ఒక్క గది ఉంచుకుంటానని, చలికాలంలో తెల్లవారుజామున రొట్టె కాల్చి సంతకు పంపుతానని ముందే చెప్పింది. చిన్నప్పుడు తల్లి నేర్పిన పని అది. చేతులు ఇంకా మరచిపోలేదంది.

“కంపెనీవాళ్లకు రాయి. మీ బృందాలు నాకు వద్దని రాయి. తోటకు గేటు పెట్టనని రాయి. వచ్చే గెత్నాకు ఆ ఎబ్నూను పంపమని కూడా రాయి. ఈసారి పని లేకుండా రమ్మను.”

ఆఖరి మాట న్యాయపరమైన జవాబులో ఉండకూడదన్నాను.

“రాయమ్మా,” అంది.

రాశాను. ఆమె కింద సంతకం చేసింది.