మేము కూల్చిన గోడ టీవీలో

శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు వాన మొదలైంది. టైము ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, మొదటి చినుకు పడగానే ఇల్లు కట్టించుకుంటున్న సారు చేతి గడియారం చూసుకుని, ఆ తర్వాత నన్ను చూశాడు.

అది అశోక్‌నగర్‌లో ఒక చిన్న గల్లీ. తొంభైల చివర, దసరా పోయి దీపావళి ఇంకా రాని రోజులు. మేము పాలమూరు నుంచి వచ్చి ఇళ్లు కట్టే పనిలో పడ్డవాళ్లం. నా మరిది మేస్త్రీ. తట్టలు మోసే ఆడవాళ్లు నా చేతి కింద ఉండేవారు. అప్పటికి నాకు యాభై దాటాయి. మోయడం తగ్గించి మోయించడం ఎక్కువ చేశాను. ఆ రోజు సారు ఇంటికి స్లాబు పోస్తున్నాం.

స్లాబు సంగతి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. కొబ్బరికాయ కొట్టి మొదటి తట్ట మాలు, అంటే కలిపిన కాంక్రీటు, పోశాక పని మధ్యలో ఆపకూడదు. ఆపితే ముందు పోసిన మాలుకూ తర్వాత పోసిన మాలుకూ మధ్య అతుకు పడుతుంది, ఎప్పటికైనా ఆ అతుకు దగ్గర నీళ్లు దిగుతాయి. అందుకని అన్నం కూడా వంతులేసుకుని తింటాం. పని అయ్యాక ఇంటివాళ్లు అందరికీ మాంసం కూరతో అన్నం పెట్టాలి, అది ఆనవాయితీ. ఇక పోసిన మాలు గట్టిపడక ముందే పెద్ద వాన కొడితే సిమెంటు పాలన్నీ కారిపోయి కంకర తేలుతుంది. కాబట్టి స్లాబు రోజు పొద్దున మేము కొబ్బరికాయ కంటే ముందు ఆకాశాన్ని చూస్తాం.

ఆ వారం మాత్రం ఆకాశాన్ని వదిలిపెట్టి టీవీని చూశాం.

స్లాబు మంగళవారం వేయాల్సింది. సోమవారం సాయంత్రం కేబుల్ వార్తల్లో తుఫాను నగరం మీదికి వస్తోందని చెప్పారు. కేబుల్ వాళ్లు సొంతంగా ఊరి వార్తలు మొదలుపెట్టిన కొత్త. పెళ్లిళ్లకు వీడియో తీసేవాళ్లే వార్తలకూ తీసేవారు. ఎర్ర అక్షరాలు, వెనక ఉరుముల చప్పుడు, ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పడం. సారు భయపడి స్లాబు ఆపమన్నాడు. మంగళవారం బట్టలు గంటలో ఆరేంత ఎండ కాసింది. అయినా ఆ సాయంత్రం టీవీ ఇంకా గట్టిగా చెప్పింది, బుధవారం కూడా స్లాబు ఆగింది. మా ఆడవాళ్లు కంకర కుప్ప మీద కూర్చుని ఒకరి తల ఒకరు చూసుకున్నారు.

ఆగడానికి సారుకు వీలు లేదు. నారాయణగూడలో ఆయన ఉంటున్న రెండు గదుల కిరాయి ఇల్లు డిసెంబరు ఆఖరుకల్లా ఖాళీ చేయాలి. కాంక్రీటు కలిపే మిక్సరేమో శనివారం విద్యానగర్‌లో ఒక పెద్ద బిల్డింగుకు పోతుంది, పోతే మళ్లీ నెల దాకా రాదు. స్లాబు నెల వెనక్కి పోతే ఆయన సామాను పెట్టుకోవడానికి కప్పు ఉండదు. ఆ మాట మాట్లాడడానికే బుధవారం సాయంత్రం మరిదినీ నన్నూ ఇంటికి పిలిచాడు. సారు భార్య చాయ్ ఇచ్చింది. టీవీ నడుస్తూనే ఉంది.

టీవీలో ఒకతను లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర గొడుగు విప్పి పట్టుకుని మాట్లాడుతున్నాడు. అతని వెనక నుంచి లారీ పోతే ఇంత దుమ్ము లేచింది. నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని సారు భార్య అడిగితే, పాపం దుమ్ముకు గొడుగు పట్టాడన్నాను. ఆమె కూడా నవ్వింది. సారు నవ్వలేదు. అప్పుడు బొమ్మ మారి నీళ్లు చూపించారు. రోడ్డు మీద నడుం లోతు నీళ్లు, తేలుతున్న చెప్పులు, పక్కన ఒరిగిపోయిన రాతి గోడ. ఇవి ఇప్పుడే అందిన దృశ్యాలని ఒక గొంతు చెప్పింది.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"సారూ, గా గోడ ఇప్పుడు లేదు."

"ఏ గోడ?"

"గా నీళ్లల్ల ఒరిగింది. ఎండకాలంల మేమే కూలగొట్టినం. రాళ్లు నేనే మోసిన. ఇప్పుడు గాడ ఇటుక గోడ ఉన్నది. గివి పోయిన ఏడాది నీళ్లు."

మరిది లేచి టీవీ ముందుకు పోయి వంగి చూశాడు. "అవు వదినె, గదే గోడ" అన్నాడు.

సారు కూడా లేచి టీవీ దగ్గరికి వచ్చాడు. తర్వాత మెల్లగా, "మూడు దినాల సంది మనల్ని పరేషాన్ జేసింది పోయిన ఏడాది వానా?" అన్నాడు.

ఆయన ఒక పట్టాన నమ్మే మనిషి కాదు. గురువారం పొద్దున స్కూటర్ మీద అక్కడికి పోయి, కొత్త గోడను కళ్లారా చూసి, ఇటుకల మీద చెయ్యి పెట్టి మరీ వచ్చాడట. వచ్చి, శుక్రవారం కానియ్యండన్నాడు.

అదే పొద్దున నేను చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి పేపరు చూశాను. నలభై ఎనిమిదో ఏట బస్తీలో సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటి నుంచి పని లేని రోజు అక్కడికి పోయి పెద్ద అక్షరాలు చదివేదాన్ని, ఓపిక ఉంటే చిన్నవి కూడా. ఆ రోజు వాతావరణం ముచ్చట లోపలి పేజీలో ఒక మూలన ఉంది. తుఫాను కోస్తా మీదికి పోతోందనీ, నగరంలో ఒకటి రెండు చోట్ల జల్లులు పడవచ్చనీ రాశారు. వేలు పెట్టి చదివాను. ఒకటి రెండు చోట్లంటే ఎక్కడో లే అనుకుని పేజీ తిప్పాను.

సాయంత్రం మరిది అడిగాడు.

"వదినె, టార్పాలిన్లు తెప్పిద్దునా?"

"ఎందుకురా? టీవీల వానకా?"

గోడ ముచ్చట అప్పటికే విన్న ఆడవాళ్లందరూ నవ్వారు. మరిది కూడా నవ్వాడు. టార్పాలిన్లు రాలేదు.

శుక్రవారం పొద్దున ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఏడున్నరకు కొబ్బరికాయ కొట్టాం. ఒంటిగంటకు ముప్పావు వంతు దాటాం. రెండింటికి హుసేన్‌సాగర్ వైపు నల్లబడింది. మిగిలింది వంటిల్లు రావాల్సిన మూల ఒక్కటే. ఇరవై నిమిషాల్లో వాన వచ్చింది. జల్లు కాదు, కుండపోత.

మరిది మిక్సర్ ఆపించలేదు. మూలన పోసేవాళ్లు పోస్తుంటే, మిగతావాళ్లం పోసిందాన్ని కప్పడానికి ఉరికాం. ఖాళీ సిమెంటు సంచులు చీల్చి పరిచాం. సారు భార్య దుప్పట్లు తెస్తే అవి తడిసి బరువై మాలులోకి కుంగాయి, మళ్లీ తీసేశాం. ఎదురింటాయన తన స్కూటర్ మీది ప్లాస్టిక్ కవరు విప్పి పైకి విసిరాడు. సారు ఆఫీసు చొక్కాతోనే నిచ్చెనెక్కి ఆ కవరు ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస నేను పట్టుకున్నాను. అట్లా వంగి నిలబడి ఉంటే, తట్టలు మోసే ఆడవాళ్లలో ఒకామె నా పక్క నుంచి పోతూ అడిగింది.

"అక్కా, గీ వాన ఏ ఏడాదిది?"

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వుతూ అడగలేదు.

ముప్పావుగంటకు వాన ఆగింది. చూస్తే కప్పిన చోట పెద్దగా చెడలేదు. ఆ మూలన మాత్రం సిమెంటు పాలు కారిపోయి కంకర పళ్లలా తేలింది. మరిది దాని మీద సిమెంటు ఎక్కువ కలిపిన మాలు పోసి చదును చేశాడు. ఆపకుండా పూర్తి చేశాం. తడి బట్టలతోనే మాంసం కూర తిన్నాం. సారు నాకు తన చేత్తో వడ్డించాడు. నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది.

మర్నాడు ఆయన చెప్పాడు, ముందు రోజు సాయంత్రం టీవీలో ఏం వచ్చిందో. తుఫాను బలహీనపడిందట, నగరానికి ముప్పు తప్పిందట. అశోక్‌నగర్ వాన ఊసే లేదట. "మనం బతికినమంట" అన్నాడు.

డిసెంబరులో వాళ్లు ఆ ఇంట్లోకి వచ్చారు. మరుసటి వానాకాలం వంటింటి మూలన పళ్లెమంత మచ్చ పడింది. మరిది రెండు సార్లు పైన పూత వేసినా పోలేదు. ఇంటికి వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే, సారు అది టీవీ వాళ్ల పుణ్యమని చెప్పేవాడు. నా తప్పు దాచడానికి అట్లా అంటున్నాడని నాకు తెలుసు. ఒకసారి ఆయన ముందే, అది సరికాదని చెప్పాను.

టీవీ వాళ్లు ఎక్కువ చేసి చెప్పిన మాట నిజం. పాత నీళ్లను కొత్త నీళ్లని చూపించారు, అదీ నిజం. మూడు రోజులు అరిచి అరిచి వాన మాటంటేనే నవ్వు పుట్టేట్టు చేశారు. కానీ పాత గోడను చూసి నేను తెలుసుకోగలిగింది, అవి పాత నీళ్లని మాత్రమే. శుక్రవారం ఆకాశం గురించి ఆ గోడ నాకేమీ చెప్పలేదు. చెప్పినవి పేపరులోని ఆ చిన్న అక్షరాలు, వాటిని నేను చదివి కూడా దాటేశాను. టార్పాలిన్లు వద్దన్నది టీవీ కాదు.

ఇప్పుడు ఆ మచ్చ గురించి ఎవరిని అడిగినా ఆ రోజు తాము లేమంటారు, లేదా ఉన్నా కిందే ఉన్నామంటారు. అందుకే రాసి పెడుతున్నాను. ఆ శుక్రవారం అక్కడ ఉన్నది: సారు, సారు భార్య, మేస్త్రీ అయిన నా మరిది, మిక్సర్ నడిపే అన్న, మాలు పరిచే మగవాళ్లు నలుగురు, తట్టలు మోసే ఆడవాళ్లు తొమ్మిది మంది, స్కూటర్ కవరు ఇచ్చిన ఎదురింటాయన, టార్పాలిన్లు వద్దన్న నేను.