పడుగు బియ్యం

వానలు మమ్మల్ని ఊరినుంచి తరిమేశాయని మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అన్యాయం. వానలు మమ్మల్నేమీ చేయలేదు. అవి అసలు రానే లేదు.

ఆలూరు పక్కన, అప్పట్లో బళ్లారి జిల్లా కింద ఉండిన ఒక పల్లెలో మా నాయన రైతులకు ముతక పంచెలు, దుప్పట్లు నేసేవాడు. పంట లేని రైతు కొత్త పంచె కొనడు, పాతదానికే ముడి వేసుకుంటాడు. జర్మనీ యుద్ధం అయిపోయాక వచ్చిన కరువులో మా ఊరి పంచెలన్నిటికీ ముళ్లు పడ్డాయి. నాయన, అమ్మ, అవ్వ, నేను గుంతకల్లులో రైలెక్కి, ఎర్రగుంట్లలో దిగి, మిగతా దారి నడిచి, కడప జిల్లాలో సన్న చీరలు నేసే ఒక ఊరు చేరుకున్నాం. నాకప్పటికి పదిహేనేళ్లు. నాలుగో ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి, సగంలో ఉండగా ఆలూరు బడి నన్ను పోగొట్టుకుంది. అంత బాధపడినట్టు లేదు.

"కరువుకొచ్చినారా?" అని కొత్త ఊళ్లో ఎవరైనా అడిగితే నాయన వెంటనే దిద్దేవాడు. "లేదప్పా, పనికొచ్చినాం." ఆ రెండింటికీ ఉన్న తేడా ఆయన గొంతులో తప్ప మా ఒంటిమీద ఎక్కడా కనబడేది కాదు.

మాకు ఇల్లూ మగ్గమూ చూపించిన సావుకారు మాటకారి కాడు. ఉన్న మాట మాత్రం చెప్పాడు.

"ముతక నేసిన చేతులప్పా మీవి. ముందు ఒక పడుగు ఇస్తా. వీధిలో సరిచేసి, చీరలు దించి చూపించు. బాగుంటే మగ్గం నీదే. లేకుంటే రైలు యాడ దిగినారో మీకు గుర్తే ఉంటాది గదా?"

పడుగు అంటే చీరకు పొడవునా నడిచే నూలు. అది ఇంట్లో పట్టదు. వీధి పొడవునా చాచి కట్టి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. ఇంటివాళ్ల చేతులు చాలవు. పొరుగువాళ్లు తమ కుంచెలు తీసుకుని రావాలి, రేపు వాళ్ల పడుగుకు మనం పోవాలి. పిలిచినా ఎవరూ రాలేదంటే ఆ నేతగాడికి ఆ వీధిలో చోటు లేనట్టే. అందుకని నాయన ముందురోజే ఇల్లిల్లూ తిరిగి పిలిచి వచ్చాడు. ఆయన డబ్బును "దుడ్లు" అన్నప్పుడల్లా ఆ ఊరివాళ్లకు నవ్వొచ్చేది కాబట్టి, ఆ తిరుగుడులో ఎక్కడా దుడ్ల ప్రస్తావన రాకుండా జాగ్రత్తపడ్డాడు.

నూలు తెచ్చుకోవడానికి అమ్మ, అవ్వ సావుకారు ఇంటికి పోయారు. సావుకారు భార్య నూలు చేతికిచ్చి, ఒక చిన్న గంపలో బియ్యం కూడా పోసి, "ఇవి గూడా తీసుకపోండి" అంది. అంతే. ఇంకో మాట అనలేదు.

మా వైపు బియ్యం పండగకో, పెళ్లికో, దినానికో కనబడే వస్తువు. మిగిలిన రోజుల్లో జొన్న సంగటి, కొర్రన్నం. అవ్వ ఆ గంపను రెండు చేతులతో పట్టుకుని, వీధిలో నలుగురికీ కనబడేట్టు, అవసరమైనదానికంటే నిదానంగా నడిచి ఇంటికి తెచ్చింది.

"చూసినావేమ్మే," అంది అమ్మతో. "ఊరు గాని ఊరు నుంచి వచ్చినోళ్లకు బియ్యం పెట్టి పంపిచ్చినారు. మర్యాదస్తులంటే వీళ్లు. మనూర్లో ఎవరన్నా ఇచ్చినారా?"

"మనూర్లో ఎవురికుండాయత్తా?" అంది అమ్మ.

పొద్దు గూకకముందే అవ్వ అన్నం వండింది. నూకలే, అయినా తెల్లగా ఉన్నాయి. చింతపండు చారు, ఎర్రగడ్డ కారం. పెద్దలకని ఒక ముద్ద తీసి పెట్టింది. కడుపునిండా తిన్నాం. ఆ ఊరు వచ్చాక మా ఇంట్లో అందరూ ఒకేసారి ఎడమచేయి నేలకానించి నిబ్బరంగా కూర్చోవడం అదే మొదలు. నాయన రెండోసారి పెట్టించుకున్నాడు. అవ్వ ఒక గిన్నెడు అన్నం పక్కింటికి కూడా తీసుకుపోయింది. పక్కింట్లో ఉండే ఆమెను అమ్మ అక్కా అని పిలిచేది.

"ఏమవ్వా, ఈ పొద్దు ఏం పండగ?" అంది ఆమె గిన్నె అందుకుంటూ.

"పండగేం లేదమ్మా. మా ఇంట్లో వండినాం, అంతే." ఆ "అంతే"లో అవ్వ ఎంత గొప్ప పెట్టగలిగిందో వింటేగాని తెలియదు.

నూలుకు కావలసిన గంజి కూడా అదే పొయ్యిమీద, మేము ఊరినుంచి మూటకట్టి తెచ్చుకున్న జొన్నపిండితో కాచి కుండలో దించారు. మా నూలు పుట్టినప్పటినుంచీ జొన్నగంజే తాగింది. వేరే తిండి దానికి ఉంటుందని మాకెలా తెలుస్తుంది?

తెల్లవారేసరికి పడుగు వీధిలో చాచి కట్టాం. పిలిచినవాళ్లందరూ కుంచెలతో వచ్చారు. నాయన సంతోషాన్ని మీసాల్లో దాచుకుని కుండ తెచ్చి మధ్యలో పెట్టాడు. ఒక ముసలాయన అందులో వేలు ముంచి, పైకెత్తి, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇదేందప్పా, గొడ్లకా?"

"నూలుకే మామా. జొన్నగంజి."

"సన్న నూలుకు జొన్నగంజేందప్పా! పోగులు ముద్ద కట్టవా? సావుకారింట్లో గంజికి బియ్యమియ్యలేదా?"

నాయన కుండలోకి చూశాడు. ఆ ఊళ్లో నూలుతోపాటు నూలు తాగే బియ్యం కూడా ఇస్తారన్నది ఆయనకూ మాకూ ఆ క్షణంలోనే తెలిసింది. ఊళ్లో పుట్టిన పిల్లలకు కూడా తెలిసిన సంగతి గనక సావుకారు భార్య విడమరిచి చెప్పలేదు. అవ్వ మాత్రం ఇంకా అర్థంకాక, అరుగుమీదనుంచి ఉన్నదున్నట్టు జవాబిచ్చింది.

"ఇచ్చిందప్పా ఆ తల్లి. తింటిమి. శానా బాగుండె."

నవ్వు వీధి ఈ చివర పుట్టి, పడుగు వెంబడే ఆ చివరికి పోయింది. ఎవరో "నూలు కూడు తినేసినార్రోయ్!" అన్నారు. ఇంకెవరో "పోనీలేప్పా, కడుపులో మగ్గం పెట్టుకున్యారేమో" అన్నారు. మంచి హాస్యమే. ఇంకొకరి గురించైతే నేనూ నవ్వేవాణ్ణి. నాయన వంగి, బాగానే ఉన్న ముడిని విప్పి మళ్లీ కట్టసాగాడు. నేను చెవులదాకా వేడెక్కి, ఎండను చూస్తున్నట్టు ఆకాశంవైపు చూశాను. ఎండ ఇంకా రాలేదు.

నవ్విన వాళ్లలో పక్కింటి అక్క కూడా ఉంది. నవ్వుతూ నవ్వుతూ సగంలో ఆగిపోయింది. అవ్వ ఆమెవైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకుంది. గిన్నె మాట ఎత్తలేదు. పక్కింటి అక్క ఇంట్లోకి పోయి, మర్నాడు తన పడుగుకని కాచిపెట్టుకున్న బియ్యపు గంజి కుండ తెచ్చి, ఎవరినీ చూడకుండా దించింది.

"కానీండి, ఎండొస్తాండాది" అంది.

కుంచెలు లేచాయి. ఆ పడుగు మీద దిగిన చీరలు సావుకారుకు నచ్చాయి. ఆయన మెచ్చుకోలేదు గాని రైలు మాట ఎత్తకుండా రెండో పడుగు ఇచ్చాడు. మేం ఉండిపోయాం.

ఉండిపోయాం గాని, రెండో పడుగునుంచి సావుకారు భార్య మాకు బియ్యం ఇవ్వడం మానేసింది. తానే గంజి కాచి, కుండకు మూతపెట్టి ఇచ్చేది. కోపంతో కాదు, జాగ్రత్తకు. మిగతా ఇళ్ల ఆడవాళ్లు బియ్యం గంప చంకన పెట్టుకుని వస్తుంటే, అమ్మ ఆ వేడి కుండ నెత్తిన పెట్టుకుని వీధంతా నడిచి వచ్చేది. అదేమిటని అడిగేవాళ్లు లేరు. అందరికీ తెలుసు. నాయన నేసిన చీరలు మద్రాసు దాకా పోయేవి. ఆయన చేతిలో మాత్రం గుప్పెడు బియ్యం పెట్టడానికి ఎవరికీ ధైర్యం లేదు.

నేను మళ్లీ బడిలో చేరి, దాటవలసిన పరీక్షలన్నీ దాటి, కాలేజీలో చేరి మొదటి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, సావుకారు భార్య అమ్మకు గంపలో బియ్యం పోసిచ్చింది. కాచే ఓపిక తగ్గిందో, మామీద నమ్మకమే కలిగిందో తెలియదు. అమ్మ గంప తెచ్చి నడింట్లో దించింది. నలుగురం చుట్టూ నిలబడ్డాం. ఎవరి చేయీ ముందుకు పోలేదు.

అవ్వే తేరుకుంది. పొయ్యి తీసుకుపోయి వీధి గుమ్మానికి ఇవతల పెట్టించింది. పట్టపగలు, వీధి తలుపు బార్లా తెరిచి, గింజ మిగలకుండా ఎసట్లో పోసింది. గంజి ఉడుకుతున్నంతసేపూ పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ ఆపి చెప్పింది.

"ఇవి పడుగు బియ్యమమ్మా. నూలుకే."

"తెలుసులే అవ్వా" అన్నారు వాళ్లు, నడుస్తూనే.

నేను చేతిలో పుస్తకం పట్టుకుని లోపలికి వచ్చేశాను. వీధి తలుపు వేద్దామనుకున్నాను. పొగ పోదని అవ్వ వేయనివ్వలేదు.