దసరా దాకా ఆగని ఆయిల్

మా ఇంట్లో బండ్లన్నిటికీ ఆయిల్ మార్చే రోజు ఒకటే, ఆయుధపూజ ముందురోజు. ట్రాక్టరైనా, మోటారు సైకిలైనా, కారైనా అంతే. పాత ఆయిల్ దించి, కొత్తది పోసి, మర్నాడు బండ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. ఆ తర్వాత బానెట్‌లోకి తొంగి చూసేది మళ్ళీ దసరాకే. దించిన నల్ల ఆయిల్‌ను పారబోయరు. చెదలు పట్టకుండా పట్టుపురుగుల షెడ్డు గుంజలకు పూస్తారు. మామగారు మొదటి ట్రాక్టరు కొన్నప్పటి నుంచి ఇదే పద్ధతి. దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. నేను ప్రశ్నించాను.

కారు విషయంలో ప్రశ్నించే హక్కు నాకుంది. కర్ణాటకలో బాగేపల్లి దగ్గర, గూళూరు పక్కన మా ఊళ్ళో పట్టుపురుగులు పెంచేది నేను. మల్బరీ ఆకు కోయించడం, పురుగుకు మేత వేయడం, పట్టుగూళ్ళు విడదీయడం అన్నీ నా చేతి మీదే జరుగుతాయి. ఆ పంటల మీద వచ్చిన డబ్బుతోనే ఈ పాత డీజిల్ కారు కొన్నాం. కాగితాలు మాత్రం మా బావ పేరున, అంటే మా ఆయన అన్న పేరున చేయించారు. ఎందుకని అడిగితే, పెద్దవాడు కదా అన్నారు. అది ఒకటి.

కారు లేనప్పుడు గూళ్ళ మూటలు కట్టుకుని, ఎవరి ట్రాక్టరు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని గడపలో కూర్చునేదాన్ని. గూడు ఆగదు. ఆలస్యమైతే బరువు తగ్గుతుంది, ఇంకా ఆలస్యమైతే లోపలి పురుగు సీతాకోకచిలుకలా మారి గూడు చీల్చుకుని వస్తుంది. అందుకే డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఈ ఇంజన్ చచ్చిపోతే నేను మళ్ళీ ఆ గడపలోకే పోవాలి. ఆయిల్ గురించి నా పట్టుదలంతా దాని కోసమే.

కారుతో ఇచ్చిన పుస్తకం నేను చదివాను. మా ఇంట్లో చదివింది నేనొక్కదాన్నే. మంచి రోడ్ల మీదైతే పదివేల కిలోమీటర్లకో ఏడాదికో మార్చమంది. దాని కిందే, దుమ్ములో, బరువుతో, దగ్గర దగ్గర ప్రయాణాలు చేసే బండికి అంతకన్నా ముందే మార్చాలని ఉంది. మా బండి చేసేవన్నీ అవే. పొద్దున డెయిరీకి, తర్వాత ఆకు తోటకి, మధ్యాహ్నం బాగేపల్లికి. ఇంజన్ వేడెక్కేలోపే మళ్ళీ ఆపేస్తాం. అలాంటి బండికి ఐదువేల కిలోమీటర్లు, లేదా ఆరు నెలలు, ఏది ముందొస్తే అది. నా లెక్క ఇదే. ఇప్పటికీ ఇందులో ఒక్క అక్షరం మార్చుకోవలసిన అవసరం రాలేదు.

ఆ మాటే ఒక ఆయుధపూజ నాడు అన్నాను. దసరాకి మార్చండి, వద్దనను, మధ్యలో ఇంకోసారి కూడా మార్చాలి అన్నాను. బావ చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు.

"వింటిరా అప్పా? మా మరదలు కారుకి గూడా పూటకో తాళింపు పెట్టమంటాది."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఎవరెవరు నవ్వారో, ఎవరు నోరు మూసుకుని నవ్వారో నాకు గుర్తే.

ఎండాకాలం వచ్చేసరికి డిప్‌స్టిక్ తీసి చూశాను. ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ అది. దాన్ని పాత చీర గుడ్డకు తుడిస్తే కాటుక అంటినట్టు అంటింది. మట్టమూ తగ్గింది. మా ఆయనతో చెబితే "అన్ననడుగు" అన్నాడు. అన్నను అడగలేదు. ఒకసారి నవ్విన మనిషిని రెండోసారి అడిగే అలవాటు నాకు లేదు. నేరుగా బాగేపల్లిలో మేమెప్పుడూ పోయే మెకానిక్ షెడ్డుకే తీసుకెళ్ళాను. అక్కడి మెకానిక్ బానెట్ ఎత్తకుండానే ఫోను తీశాడు.

"అన్న చెప్పలేదేమ్మా. ఉండు, ఒక మాట అడుగుతా."

నా ముందే అడిగాడు. నా ముందే నవ్వాడు. "దసరాకి చేస్తాం లేమ్మా, ఏం తొందర్ల్యా" అని పంపించాడు. బండి నడిపింది నేను, డబ్బు నా పర్సులో ఉంది, అయినా వెనక్కి వచ్చాను. పురుగు మేత మీదున్న రోజులు, ఇంకో షెడ్డు వెతికే తీరిక లేదు. ఆ షెడ్డు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఇప్పటికీ అటు చూడను.

అది జరిగిన కొద్ది వారాలకే పంట చేతికొచ్చింది. చిక్కబళ్ళాపురం గూళ్ళ మార్కెట్టుకు పొద్దున్నే బయలుదేరాం. వెనక సీటు మడిచి మూటలు వేశాం. పక్కన బావ కూర్చున్నాడు. మార్కెట్టులో బేరం మగవాళ్ళే చెయ్యాలని ఆయన నమ్మకం. పేరేసంద్ర దాటాక, మెయిన్ రోడ్డు మీద, నా ముందున్న అద్దం కింద ఎర్రగా ఒక దీపం వెలిగింది. ఆయిల్ డబ్బా బొమ్మ. పుస్తకంలో దాని గురించి ఒకటే మాట ఉంది: వెంటనే ఇంజన్ ఆపండి. బండి పక్కకు తీసి ఆపాను.

"యాల నిలిపితివమ్మా?"

"ఆయిల్ దీపం వెలిగింది బావా."

"అది ఊరికే వెలుగుతాది. వైరు వదులై ఉంటాది. పోనీ, పోనీ."

"పోను."

"ఇంకెంత దూరముండాది? వేలం మొదలైతాది. మెల్లగా పోనీమ్మా."

"మెల్లగా పోయినా ఇంజన్ పోతుంది."

"నువ్వు మెకానిక్కువా?"

"కాదు. నడిపేదాన్ని."

తాళం తీసి పైట కొంగులో ముడేసుకున్నాను. ఆయన దిగి, డోరు గట్టిగా వేసి, రోడ్డు మీద అటూ ఇటూ నడిచాడు. నాకొచ్చిన మొండితనం మా పుట్టింటిదని, మా పుట్టింట్లో అందరూ ఇంతేనని, పెళ్ళిచూపుల నాడే కనిపెట్టానని, లారీల హోరులో నాకు వినబడేంత గట్టిగా చెప్పాడు. నేను బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తీశాను. కొసన తడి తప్ప ఏమీ లేదు. దాన్ని పట్టుకెళ్ళి ఆయన కళ్ళ ముందు పెట్టాను. చూసి, మొహం రోడ్డు వైపు తిప్పుకుని, వచ్చే గూడ్స్ ఆటోకి చెయ్యెత్తాడు. ఇద్దరం కలిసి మూటలు ఆటోలోకి మార్చాం. నన్ను ఆ ఎండలో ఒంటరిగా వదిలి, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. 

దగ్గర్లోని టీకొట్టు వాళ్ళు చిక్కబళ్ళాపురం మెకానిక్ నంబరు ఇచ్చారు. ఆయన ఆయిల్ డబ్బా కట్టుకుని మోటారు సైకిలు మీద వచ్చాడు. దిగగానే అడిగిన మొదటి ప్రశ్న, "మగోళ్ళు ఎవురూ ల్యారా అమ్మా?" సాయానికి వచ్చాడు కాబట్టి ఊరుకున్నాను. మరిచిపోలేదు.

కింద పడుకుని చూసి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు, "ఆయిల్ కొంచెం కొంచెం కారిపోతా ఉండాది. ఉన్నదేమో తారు మాదిరి అయ్యుండాది. దీపం పడతానే నిలిపినారు గాబట్టి సరిపాయ. ఇట్లే మార్కెట్టు దాకా పోయుంటే ఇంజన్ పట్టేసుండు."

తాత్కాలికంగా ఆయిల్ పోసి, మెల్లగా ఆయన షెడ్డు దాకా నడిపించాడు. అక్కడ మొత్తం దించి, ఫిల్టరు మార్చి, కారేచోట వాషరు వేసి, కొత్త ఆయిల్ పోశాడు. ఇంజన్ తిరగగానే దీపం ఆరిపోయింది. ఆ చప్పుడు వింటూ స్టీరింగు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

మార్కెట్టుకు వెళ్ళేసరికి గూళ్ళు అమ్ముడుపోయాయి. బావ నలుగురు రైతుల మధ్య కాఫీ తాగుతూ మాట్లాడుతున్నాడు.

"ఎర్ర దీపం చూస్తానే చెప్తిని, నిలుపమ్మా బండి, అని. ల్యాకపోతే ఇంజన్ ఉండునా?"

ఆయన వెనకే నిలబడి విన్నాను. ఇంకొకరైతే పోనీలే అనుకునేవాళ్ళేమో.

"పోనీ, పోనీ అంటివి గదా బావా? నువ్వు మెకానిక్కువా అని గూడా అంటివి."

రైతుల్లో ఒకాయన కాఫీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వాడు. బావ మొహం ఎర్రబడింది.

"సరేలేమ్మా. నీ బండి, నీ ఇష్టం. దినామూ మార్చుకో."

"దినామూ అవసరం లేదు. ఆరు నెలలకోసారి నేనే మార్పిస్తా. ఎవరికీ ఫోను చేసి అడగను."

"చేసుకోమంటి గదా!"

కోపంతో అన్నాడని నాకు తెలుసు. కానీ నలుగురి ముందు అన్నాడు. నన్ను నొప్పించిన మాటల్ని ఇన్నేళ్ళు దాచుకున్నదాన్ని, పనికొచ్చే ఒక్క మాటను ఎలా పోగొట్టుకుంటాను? అప్పటి నుంచి ఆ కారు విషయంలో ఇంట్లో ఎవరు నోరు తెరిచినా 'నీ బండి, నీ ఇష్టం' అన్న ఆ మాటే, ఆయన అన్నది అన్నట్టుగా, ఆయన గొంతుతోనే వినిపిస్తున్నాను. రెండుసార్లు మా ఆయనకు, ఒకసారి బావకే వినిపించాను.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో బావ మళ్ళీ ముందు సీట్లోనే కూర్చున్నాడు.  ఈసారి కిటికీలోంచి బయటికి చూడడం మానేసి, నా స్టీరింగు వెనక దీపాలవైపే చూస్తూ కూర్చున్నాడు. ఒకచోట స్పీడు బ్రేకరు మీద బండి ఎగరగానే అడిగాడు.

"ఇప్పుడేం వెలగల్యా గదమ్మా?"

"లేదు బావా" అన్నాను.